నుదుటి మచ్చకు వెల ఉంది, లోపలి దెబ్బకు లేకపోయె

ఈ వారం మన మిల్లుల కాలం గురించి రాస్తామని చెప్పి ఉన్నాం. మిల్లుల ముచ్చట ఇందులో కొంత వస్తుంది, కానీ అసలు సంగతి వేరే. మన పేటలో ఒక ఇంటి పని గడువు మీద ఉంది. దాని గురించి సంఘంలో రెండు మాటలు నడుస్తున్నాయి. అందుకే కొంచెం పొడుగు రాత. తీరిక చేసుకుని చదవండి.

పాత రిజిస్టర్లకు అట్టలు వేయిస్తుంటే 1986 నాటి ఒక పేజీ కనబడింది. అందులో ఉన్నది నాలుగు వరసలే. హుమ్నాబాద్ దగ్గర లారీ తగిలిన మన పేట జాబర్‌కు లారీ యజమాని నుంచి 8,000 రూపాయలు ఇప్పించినట్టు, రెండు పక్షాలూ ఒప్పుకున్నట్టు, ఇక ముందు ఎవరూ కోర్టుకు పోనట్టు. కింద అయిదు సంతకాలు. అందులో రెండు మా ఇళ్ళ పెద్దలవి. చిన్నప్పుడు ఈ రాజీ గురించి గొప్పగా చెప్పుకోవడం విన్నవాళ్ళం. పోలీసు గడప తొక్కకుండా, వకీలుకు పైసా ఇవ్వకుండా పని తెంపినమని.

ఆ జాబర్ కాకను మనలో యాభై దాటినవాళ్ళు మరిచిపోయి ఉండరు. పవర్‌లూమ్ చప్పుడు విని ఏ మగ్గంలో ఏ నట్టు వదులైందో బయటనుంచే చెప్పేవాడు. షోలాపూర్ దుప్పటి మీద పువ్వు ఎక్కడ తప్పిందో చేత్తో తడిమి చెప్పేవాడు. పెళ్ళికి హైదరాబాద్ పోతూ దారిలో చాయ్ తాగడానికి దిగి రోడ్డు పక్కన నిలబడితే లారీ వచ్చి తగిలింది. మూడు వారాలు దవాఖానలో ఉన్నాడు. తలకు కుట్లు వేశారు. ఎక్స్‌రేలో పుర్రె బాగానే ఉందన్నారు. తన కాళ్ళ మీద తానే నడిచి ఇంటికి వచ్చాడు. పేటంతా పోయి చూసి వచ్చింది. మంచిగనే ఉన్నడు గదా, దేవుడు చల్లగ చూసిండు అన్నారు. రాజీ కాగితం మీద వేలిముద్ర పడింది ఆ వారంలోనే.

తరవాత నెమ్మదిగా బయటపడింది. మగ్గం దగ్గర నిలబడి ఏం చేయడానికి వచ్చాడో మరిచిపోయేవాడు. పోగుల లెక్క తప్పేవాడు. అప్పటిదాకా ఇంట్లో గొంతు పెంచని మనిషి పళ్ళెం విసిరికొట్టడం మొదలుపెట్టాడు. కార్ఖానాలో ఒక ఏడాది ఓర్చుకున్నారు, తరవాత వద్దన్నారు. తాగుడు మరిగాడని కొందరు, గాలి సోకిందని కొందరు, సోమరి అని ఇంకొందరు అన్నారు. మేమూ అన్నాం. చిన్నమ్మ బీడీలు చుట్టి నలుగురు పిల్లలను పెంచింది. ఆయన మరో ఇరవై రెండేళ్ళు బతికాడు. నుదుటి మీద అడ్డంగా ఒక మచ్చ తప్ప ఆయనకు ఏమైందో చూపించడానికి ఎవరి దగ్గరా ఏమీ లేదు.

ఆ 8,000 రూపాయలు న్యాయమేనా అన్న ప్రశ్న మేం ఇన్నేళ్ళలో ఎప్పుడూ వేసుకోలేదు. ఇప్పుడు వేసుకోవలసి వచ్చింది. అందుకోసం ఈ నష్టపరిహారం అనేది మన దేశంలో ఎట్లా మొదలై ఎట్లా నడిచిందో కొంత వెతికి చదివాం.

మన ముత్తాతలు నిజాం ఇలాకా నుంచి ఈ ఊరికి మగ్గాలు నెత్తిన పెట్టుకుని వచ్చిన కాలంలో, దెబ్బ తగిలిన కూలీకి చట్టంలో చోటే లేదు. 1855లో ప్రాణాంతక ప్రమాదాల చట్టం ఒకటి వచ్చింది. అది పేరులో ఉన్నట్టే చచ్చిపోయినవాడి కుటుంబానికి. బతికి బయటపడినవాడు మామూలు సివిల్ దావా వేసుకోవాలి, కోర్టు ఫీజు కట్టాలి, యజమాని తప్పు చేశాడని రుజువు చేయాలి. పైగా ఇంగ్లండ్ నుంచి దిగుమతి అయిన ఒక సూత్రం ఉండేది. పక్కన పనిచేసే తోటి కూలీ పొరపాటు వల్ల నీకు దెబ్బ తగిలితే యజమానికి బాధ్యత లేదు, ఆ ముప్పు తెలిసే నువ్వు పనిలో చేరావు అని. మిల్లులో తగిలే దెబ్బల్లో తోటివాడి చెయ్యి లేనిది ఎన్ని ఉంటాయి చెప్పండి. ఆ సూత్రాన్ని మన దేశంలో తీసేసింది 1938 చట్టం.

షోలాపూర్‌లో మొదటి మిల్లు 1877లో మొదలైంది. మనవాళ్ళు జూనీ గిరిణి అనే అదే. తరవాత నర్సింగ్ గిర్జీ, లక్ష్మీ, విష్ణు. మగ్గం గుంటలో కూర్చుని నేసిన చేతులు బెల్టుల మీద తిరిగే యంత్రాల దగ్గర నిలబడ్డాయి. వేళ్ళు పోవడం ఎంత మామూలో మన ఇళ్ళలో ముసలివాళ్ళ చేతులు చూస్తే తెలిసేది.

1923లో వర్క్‌మెన్స్ కాంపెన్సేషన్ చట్టం వచ్చింది, 1924 జూలై 1 నుంచి అమలైంది. ఇది నిజంగా పెద్ద మార్పు. యజమాని తప్పును రుజువు చేయాల్సిన పని లేదు. పనిలో, పని వల్ల దెబ్బ తగిలితే చాలు. సివిల్ కోర్టు బదులు కమిషనర్ దగ్గరికి పోవచ్చు. మనిషి పూర్తిగా పనికి రాకుండా పోతే 42 నెలల జీతం, కానీ 3,500 రూపాయలకు మించకూడదు. చనిపోతే 30 నెలల జీతం, 2,500 రూపాయలకు మించకూడదు.

ఈ చట్టం చివర ఒక పట్టిక ఉంది. ఆ పట్టికను మేం చాలాసేపు చూస్తూ కూర్చున్నాం. మోచేతికి పైన కుడి చెయ్యి పోతే 70 శాతం. అదే ఎడమ చెయ్యి అయితే 60. ఒక కన్ను 30. బొటనవేలు 25. చూపుడు వేలు 10. మిగతా వేళ్ళు ఒక్కొక్కటి 5. మన శరీరాన్ని కసాయి కొట్టు బల్ల మీద ముక్కలుగా పెట్టి చీటీలు అంటించినట్టు ఉంటుంది. తరవాత సవరణల్లో అంకెలు పెరిగాయి. బొటనవేలు 30 అయింది, చూపుడు వేలు 14, ఒక కన్ను 40. ముఖం ఘోరంగా పాడైతే నూటికి నూరు. పూర్తి చెవుడుకు నూటికి నూరు. ఎంత వెతికినా అందులో మెదడు లేదు. 1923లో లేదు, తరవాతి సవరణల్లోనూ లేదు.

పట్టికలో లేదు కాబట్టి ఏమీ రాదని కాదు. పట్టికలో లేని గాయానికి, సంపాదించే శక్తి ఎంత తగ్గిందో డాక్టరు లెక్కగట్టి చెప్పాలి అని చట్టంలోనే ఉంది. అక్కడే చిక్కు. వేలు తెగినవాడు చెయ్యి ఎత్తి చూపిస్తే చాలు. తల లోపల దెబ్బ తిన్నవాడు ప్రతిసారీ కొత్తగా రుజువు చేసుకోవాలి. రుజువు చేసుకోవడానికి కావలసిన జ్ఞాపకం, ఓపిక, వరసగా మాట్లాడే శక్తి, ఇవే కదా అతడికి పోయినవి.

రోడ్డు ప్రమాదాల దారి వేరే. 1939లో మోటారు వాహనాల చట్టం వచ్చింది. బండికి థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి అన్నది 1946 జూలై నుంచి. ఎవరికైనా తగిలితే బీమా కంపెనీ కట్టాలి. అయినా దావా మామూలు కోర్టులోనే నడిచేది. 1956 సవరణతో క్లెయిమ్స్ ట్రిబ్యునళ్ళు వచ్చాయి. మనవాళ్ళు మోటారు కోర్టు అంటారు, అదే. కానీ అందులో రెండు ముళ్ళు ఉన్నాయి. 1986 నాటికి ప్రమాదం జరిగిన ఆరు నెలల్లో దరఖాస్తు వేయాలి. ప్రమాదం ఎక్కడ జరిగిందో అక్కడి ట్రిబ్యునల్‌లోనే వేయాలి.

ఈ రెండో ముల్లు మనలాంటివాళ్ళకు ఎంత లోతుగా దిగిందో ఆలోచించండి. మన రాకపోకలన్నీ ఒకే రోడ్డు మీద. షోలాపూర్, నల్‌దుర్గ్, ఉమర్గా దాటితే కర్ణాటక. హుమ్నాబాద్ దాటితే జహీరాబాద్, అక్కడినుంచి సంగారెడ్డి, హైదరాబాద్. మనవాళ్ళ పెళ్ళిళ్ళూ చావులూ దినాలూ అన్నీ ఆ రోడ్డుకు అటు చివర. ఒక్క పూట ప్రయాణంలో మూడు రాష్ట్రాలు, మూడు భాషలు. జాబర్ కాకకు దెబ్బ తగిలింది బీదర్ జిల్లాలో. ఎఫ్ఐఆర్ కన్నడంలో. ఇంట్లో మాట్లాడేది తెలుగు, బడిలో చదివింది మరాఠీ. దావా వేయాలంటే మగ్గం కూలీ వదులుకుని వాయిదా వాయిదాకూ అక్కడికి పోవాలి, తెలియని ఊళ్ళో వకీలును పట్టుకోవాలి. మన పెద్దలు రాజీకి ఎందుకు మొగ్గారో ఇప్పుడు అర్థం చేసుకోగలం. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు. అప్పటి చట్టం వాళ్ళను ఆ వైపు నెట్టింది.

కానీ అక్కడితో ఆపితే మన మీద మనం జాలిపడ్డట్టే అవుతుంది. ఎందుకంటే 1982లోనే చట్టంలోకి ఒక కొత్త నిబంధన వచ్చింది. తప్పు ఎవరిదన్న గొడవ లేకుండా, ప్రమాదంలో చనిపోతే 15,000, శాశ్వత వైకల్యం కలిగితే 7,500 రూపాయలు ఇవ్వాల్సిందే అని. మన పెద్దలు గొప్పగా తెంపిన మొత్తం 8,000. అంటే ఎవరి తప్పునూ రుజువు చేయకుండా చట్టం మొదటి మెట్టు మీద పెట్టిన డబ్బుకు మనం 500 కలిపి, మిగతా మెట్లన్నీ ఆయనకు మూసేశాం. ఆ నిబంధన గురించి ఆ అయిదుగురిలో ఎవరికైనా తెలుసా అన్నది రిజిస్టర్ చెప్పదు. తెలియదనే మేం అనుకుంటున్నాం.

ఇంకో సంగతి. ఆ 7,500 కైనా శాశ్వత వైకల్యం అంటే ఏమిటో చట్టం విడమరిచి చెప్పింది. కన్ను పోవడం, చెవి పోవడం, అవయవం గానీ కీలు గానీ పోవడం లేదా శక్తి కోల్పోవడం, తల గానీ ముఖం గానీ శాశ్వతంగా వికారం కావడం. తల ఉంది చూడండి, కానీ తల పైభాగం మాత్రమే. జాబర్ కాక నుదుటి మచ్చను చూపించి అడగవచ్చు. ఆ మచ్చ వెనక మనిషికి మనిషే మారిపోయిన సంగతికి ఆ వరసలో మాట లేదు. 1988 కొత్త చట్టంలోకి కూడా అవే మాటలు వచ్చాయి.

మారింది ఎక్కడంటే, తీర్పుల్లో. మొదటి మలుపు ఒడిశా వైపు నుంచి వచ్చింది. బరంపురం, జయపురం వైపు మన భాషవాళ్ళు ఈ పేజీ చదువుతుంటారు, వాళ్ళకు ఇది దగ్గరి ముచ్చట. 1968లో కోరాపుట్ జిల్లా జయపురంలో ఒక సినిమా హాలులో నగిషీ పని చేస్తున్న వడ్రంగి పడిపోయాడు. ఎడమ చెయ్యి మోచేతి దగ్గర తీసేయాల్సి వచ్చింది. పట్టిక ప్రకారం అది పాక్షిక వైకల్యం. కమిషనర్ మాత్రం, వడ్రంగం ఒంటి చేత్తో చేయలేడు కాబట్టి ఇది సంపూర్ణ వైకల్యమే అని 9,800 రూపాయలు ఇప్పించాడు. హాలు యజమాని సుప్రీంకోర్టు దాకా పోయాడు. 1975 డిసెంబరులో నలుగురు జడ్జీల ధర్మాసనం కమిషనర్ మాటే నిలబెట్టింది. ఏ ముక్క పోయింది అన్న ప్రశ్న పక్కకు జరిగి, ఈ మనిషి ఏ పని చేసి బతికేవాడు, ఇప్పుడు ఆ పని చేయగలడా అన్న ప్రశ్న ముందుకు వచ్చింది. తల దెబ్బల వాళ్ళందరికీ ఇప్పుడు తెరిచి ఉన్న తలుపు ఆ వడ్రంగి చేతితో తెరుచుకున్నదే.

1994లో రెండు ముళ్ళూ తీశారు. ఆరు నెలల గడువు పోయింది. బాధితుడు తాను నివసించే ఊళ్ళోనే దావా వేయొచ్చు అన్నారు. హుమ్నాబాద్‌లో దెబ్బ తగిలినా షోలాపూర్ కోర్టులో వేసుకోవచ్చు. మనలాంటి సరిహద్దు బతుకుల వాళ్ళకు ఇంత మేలు చేసిన సవరణ ఇంకొకటి ఉందని మేం అనుకోం. దీని గురించి మన సంఘంలో ఒక్క సభ కూడా పెట్టలేదు. ఆ ఏడాది మేం మార్కండేయ రథానికి కొత్త చక్రాల గురించి వాదించుకున్నాం.

2010లో సుప్రీంకోర్టు ఇంకో అడుగు వేసింది. తీర్పు రాసింది జస్టిస్ ఆర్.వి. రవీంద్రన్, మన పక్క కర్ణాటక హైకోర్టులో పనిచేసి పోయినవారు. డాక్టరు సర్టిఫికెట్‌లో రాసిన వైకల్య శాతం ఒకటి, సంపాదన తగ్గిన శాతం ఇంకొకటి, రెండింటినీ కలపొద్దు అన్నారు. ఎడమ చెయ్యి పోయిన డ్రైవరుకూ, ఎడమ చెయ్యి పోయిన గుమాస్తాకూ నష్టం ఒకటి కాదు. మనిషి ఇప్పుడు ఏం చేయగలడు, ఏం చేయలేడు, ముందు ఏం చేసేవాడు, ఇంకో పనితో బతకగలడా, ఇవి ట్రిబ్యునల్ అడిగి తెలుసుకోవాలి అన్నారు. మగ్గం జాబర్‌కు చేతులు రెండూ ఉండి పోగుల లెక్క నిలవకపోతే ఈ ప్రశ్నలకు జవాబు ఏమిటో వేరే చెప్పక్కర్లేదు.

ఇక 2020 ఫిబ్రవరి 5 నాటి తీర్పు. హర్యానాలో 2007లో తల్లిదండ్రులతో ట్రాక్టర్ మీద పోతున్న పన్నెండేళ్ళ అమ్మాయిని ట్రక్కు గుద్దింది. మెదడుకు తీవ్రమైన గాయం. ఒళ్ళు పెరిగినా బుద్ధి తొమ్మిది నెలల పసిబిడ్డది అని వైద్య పరీక్షల్లో తేలింది. ట్రిబ్యునల్ 11 లక్షల చిల్లర ఇచ్చింది. హైకోర్టు దాన్ని 25 లక్షల 78 వేలు చేసింది. సుప్రీంకోర్టు 62 లక్షల 27 వేలు చేసింది. ఆ ధర్మాసనంలో ఉన్న ఇద్దరు జడ్జీలు దీపక్ గుప్తా, మన తెలుగువాడైన ఎల్. నాగేశ్వరరావు.

ఆ మొత్తంలో మమ్మల్ని ఆపింది ఒక పద్దు. ఆ పిల్లను చూసుకోవడానికి ఇద్దరు మనుషులు, ఒక్కొక్కరికి నెలకు 5,000, పద్దెనిమిదేళ్ళ లెక్కన 21 లక్షల 60 వేలు. చూసుకునేది ఇంట్లో ఆడవాళ్ళే అయినా ఆ చాకిరీకి వెల కట్టారు. చిన్నమ్మ ఇరవై రెండేళ్ళు బీడీలు చుడుతూ ఒక కన్ను ఆయన మీద పెట్టి ఉంచింది. రోడ్డు మీదికి పోకుండా, పొయ్యి దగ్గరికి పోకుండా, ఎవరినీ కొట్టకుండా. ఆ పనిని పని అని మన రిజిస్టర్‌లో ఎవరూ రాయలేదు.

ఇప్పుడు మన పేట ముచ్చట.

ఈ ఏడాది జహీరాబాద్ దగ్గర కారు తగిలిన మన పిల్లవాడి సంగతి మీకందరికీ తెలుసు. వయసు 34. టవళ్ళ కార్ఖానాలో సూపర్‌వైజర్. పన్నెండు రోజులు దవాఖానలో ఉన్నాడు. లేచాడు, తింటున్నాడు, బండి నడుపుతానని గొడవ చేస్తున్నాడు కూడా. కారువాళ్ళ తరఫున మధ్యవర్తి వచ్చి లక్షన్నర ఇస్తామంటున్నాడు. సంఘం కూర్చుని తెంపాలని అడుగుతున్నాడు. మనలో కొందరు పెద్దలు సరే అంటున్నారు. పిల్లగాడు మంచిగనే ఉన్నడు గదా, కోర్టు అంటే ఏండ్లు పడుతది, వచ్చింది తీస్కోని ఊకోవాలె అని. నలభై ఏళ్ళ కింది మాటే, అక్షరం మారలేదు.

మేం వాళ్ళ ఇంటికి పోయి వచ్చాం. మా ముందు బాగానే మాట్లాడాడు. అరగంటలో ఒకే మాట మూడుసార్లు అడిగాడు, మీరు చాయ్ తాగిండ్రా అని. వదిన మాతో పాటు గడప దాకా వచ్చి గొంతు తగ్గించి చెప్పింది. జీతం లెక్క చేయలేకపోతున్నాడు. చప్పుడు ఓర్వలేక పిల్లల మీద పడుతున్నాడు. రాత్రి రెండింటికి లేచి డ్యూటీకి పోతానంటున్నాడు. ఇవి బయట చెప్తే పిచ్చి అంటారని ఇన్నాళ్ళు దాచింది.

లెక్క ఒకసారి వేద్దాం. 2009 నుంచి సుప్రీంకోర్టు వయసును బట్టి ఒక గుణకం పెట్టింది. 31 నుంచి 35 ఏళ్ళవారికి 16. 2017లో రాజ్యాంగ ధర్మాసనం నలభై లోపువాళ్ళకు, పర్మనెంట్ ఉద్యోగం లేకపోయినా, ముందు ముందు పెరిగే సంపాదన కింద 40 శాతం కలపమంది. నెలకు 15,000 అనుకుంటే 40 శాతం కలిపి 21,000. ఏడాదికి 2,52,000. పదహారుతో గుణిస్తే 40,32,000. సంపాదన శక్తి 60 శాతం తగ్గిందని తేలితే 24 లక్షల పైమాట. వైద్యం, మనిషి సాయం, బాధకు ఇచ్చేది వేరే. ఇది మేం వేసిన ఉదాహరణ లెక్క, కోర్టు ఇంతే ఇస్తుందని కాదు. కానీ లక్షన్నర ఎక్కడ, ఇది ఎక్కడ.

తొందర ఎందుకంటే, 1994లో తీసేసిన ఆరు నెలల గడువును 2019 సవరణ మళ్ళీ తెచ్చింది. 2022 ఏప్రిల్ 1 నుంచి అమలు. దాని మీద సుప్రీంకోర్టులో వాదన నడుస్తోంది, అయినా దాన్ని నమ్ముకుని కూర్చోలేం. ఈ పిల్లవాడికి ఇరవై రెండు రోజులే మిగిలాయి. అదే 2022 నుంచి వచ్చిన కొత్త రూల్స్ ప్రకారం పోలీసులు 48 గంటల్లో మొదటి రిపోర్టు, 90 రోజుల్లో పూర్తి రిపోర్టు ట్రిబ్యునల్‌కు పంపాలి. పంపారో లేదో కనుక్కోవాలి. ఎఫ్ఐఆర్ తెలుగులో ఉంది. ఆ ఇంట్లో తెలుగు మాట్లాడనివాళ్ళు లేరు, చదవగలిగినవాళ్ళూ లేరు. కాగితం అయిదు నెలలు బీరువాలో ఉండిపోయింది. మనం బడులు మూయించుకున్న ఫలం ఇట్లా కూడా వస్తుందని అనుకోలేదు. ఆ సంగతి ఇంకోసారి రాస్తాం.

వకీలు ఖర్చు గురించి భయపడుతున్నారు. 1987 లీగల్ సర్వీసెస్ చట్టం కింద ఆడవాళ్ళకు, కార్మికులకు, వికలాంగులకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత వకీలు దొరుకుతాడు. జిల్లా కోర్టు ఆవరణలోనే ఆఫీసు. లోక్ అదాలత్ మంచిదే, కానీ అక్కడ ఒప్పుకున్నాక అప్పీలు ఉండదు. తల దెబ్బ ఏ మేరకు మిగిలిపోతుందో తేలకముందే అక్కడ సంతకం పెడితే జాబర్ కాక కథే మళ్ళీ.

వైద్యం కాగితాల్లో ముఖ్యమైనది మొదటి రోజుది. దవాఖానలో దిగినప్పుడు కళ్ళు తెరిచాడా, మాట్లాడాడా, చెప్పినట్టు చెయ్యి కదిపాడా అని చూసి 3 నుంచి 15 దాకా ఒక అంకె వేస్తారు. గ్లాస్గో స్కేల్ అంటారు, 1974లో ఇద్దరు డాక్టర్లు పెట్టిన పద్ధతి. 8, అంతకు తక్కువ అయితే తీవ్రమైన గాయం. మనవాడి కేసు షీటులో 9 ఉంది. సీటీ స్కాన్ తరవాత బాగున్నా, జ్ఞాపకం, ధ్యాస, నిర్ణయం ఎంత చెడ్డాయో కొలిచే న్యూరో సైకాలజీ పరీక్షలు వేరే ఉన్నాయి. బెంగళూరు నిమ్‌హాన్స్‌లో చేస్తారు. రైలుకు ఒక రాత్రి దూరం. జాబర్ కాకకు తీసింది పుర్రె ఎక్స్‌రే. ఎముక కనబడుతుంది, మెదడు కనబడదు.

ఇంకో సాక్ష్యం డబ్బు పెట్టకుండా దొరికేది. వదినకు ఒక నోటుబుక్కు ఇచ్చాం. ఏ రోజు ఏం మరిచాడు, ఎవరి మీద అరిచాడు, ఎన్ని గంటలు పడుకున్నాడు, ఏ పని మొదలుపెట్టి వదిలేశాడు, మరాఠీలోనే రాయమన్నాం. కార్ఖానాలో ఇద్దరు తోటివాళ్ళు ముందు ఎట్లా పనిచేసేవాడో చెప్పడానికి ఒప్పుకున్నారు. ఆయన తనంతట తాను దావా నడపలేని స్థితి అని తేలితే భార్య తరఫున వేయొచ్చు, సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో దానికి దారి ఉంది.

ఆదివారం సభలో మధ్యవర్తి వస్తానంటున్నాడు. రానివ్వండి, చాయ్ ఇద్దాం. సంఘం తరఫున రాజీ కాగితం మీద సంతకం పెట్టం అని కార్యవర్గంలో మేం ముగ్గురం రాసి ఇచ్చాం. మిగతావాళ్ళు ఆలోచించుకుని చెప్పండి. 1986 పేజీ జిరాక్స్ తీసి సభలో పెడతాం. ఆ సంతకాల ఇళ్ళవాళ్ళు నొచ్చుకోవద్దు, మా ఇళ్ళవీ అందులో ఉన్నాయి.

మంగళవారం పొద్దున పదకొండుకు జిల్లా కోర్టుకు పోతున్నాం. తెలుగు చదివి మరాఠీలో చెప్పగలిగినవాళ్ళు ఒకరు కావాలి, ఎఫ్ఐఆర్, పంచనామా రెండూ ఎనిమిది పేజీలు. జహీరాబాద్ స్టేషన్‌కు పోయి రిపోర్టు సంగతి కనుక్కునేందుకు అటువైపు బంధువులున్నవాళ్ళు ఇంకొకరు. నోటుబుక్కు వదిన దగ్గరే ఉంటుంది. నలభై ఒక్క పేజీలు నిండాయి.